చేపల టీవీ

డాక్టర్ వంశధర్ ఆ గురువారం దిబ్బ ఎక్కింది సలహా అడగడానికి కాదు. నిర్ణయం ఇంట్లోనే అయిపోయింది. బాబాకి ఆ మాట చెప్పి, దువా తీసుకుని దిగిపోదామనుకున్నాడు.

భీమిలి దాటి ఉత్తరంగా వెళ్తే, సముద్రం ఒడ్డున ఎర్రమట్టి దిబ్బ మీద చిన్న దర్గా ఉంది. పక్కనే పెంకుల వసారా. ఆ వసారాలో కమాల్ బాబా ఉండేవారు. ఎవరైనా వచ్చి గంటసేపు గోడు వెళ్లబోసుకుంటే, బాబా అంతా విని, లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవారు. చాలామందికి అంతటితోనే సరిపోయేది.

ప్రతి గురువారం మధ్యాహ్నం దిబ్బ మీద కిచిడీ వండేవారు. జీడితోటల్లో కూలికి పోయేవాళ్లు, వల లాగే శక్తి పోయిన ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు, ఆకలైన వాళ్లెవరైనా వచ్చి తినొచ్చు. వంట రాగి గుండిగలో. ఎప్పుడో పెద్ద తుఫాను వచ్చి వూళ్లు కొట్టుకుపోయినప్పుడు, మిగిలిన ఇళ్లవాళ్లు తలో చెంబూ, తలో బిందే తెచ్చి ఇస్తే, వాటినన్నిటినీ కరిగించి చేయించారట దాన్ని. ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకుంటే గానీ చుట్టూ అందదు.

వంశధర్ మిషన్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆ చుట్టుపక్కల ఏ ఆడకూతురికి కాన్పు కష్టమైనా ఆ ఆసుపత్రికే తెస్తారు. అక్కడ డాక్టరైన నన్, సిస్టర్ ఆగ్నెస్, ఆపరేషన్ చేస్తుంది. పక్కన మత్తిచ్చే మనిషి లేకపోతే ఆమె కత్తి ముట్టుకోలేదు. ఆ మనిషి వంశధర్. రెండో మనిషి లేడు.

అతను బాబా దగ్గరికి రావడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. కొత్తగా డాక్టరైన రోజుల్లో అతని చేతిలో ఒక పసివాడు మత్తులోంచి లేవలేదు. తప్పు అతనిది కాదని పెద్ద డాక్టర్లందరూ చెప్పారు. అయినా సిరంజి పట్టుకుంటే చెయ్యి వణికేది. ఎవరో చెబితే దిబ్బ ఎక్కాడు. బాబా అతని కథ విన్నారు. ఓదార్పు మాటొక్కటి అనలేదు. కిచిడీ గరిటె చేతికిచ్చి, "ఒలకకుండా వడ్డించు" అన్నారు. వరుసలో కూర్చున్న వాళ్లందరికీ వడ్డించాడు. ఆ తర్వాత ప్రతి గురువారం వస్తూనే ఉన్నాడు. ఎప్పుడు ఆగిందో తెలియదు గానీ, చెయ్యి వణకడం ఆగింది.

ఆ రోజు బాబా గుమ్మం దగ్గర కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నారు. వంశధర్ సలాం చేసి ఎదురుగా కూర్చున్నాడు.

"బాబా, ఆసుపత్రి మానేస్తున్నాను. పై నెల మొదటి తారీఖున సిటీలో చేరతాను. పెద్ద ఆసుపత్రి."

"మంచిది," అన్నారు బాబా. "జీతం ఎక్కువా?"

"రెండింతల పైనే."

"ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?"

"అబ్బే, ఇంట్లో ఏం ఇబ్బంది లేదు బాబా." వంశధర్ తలవంచుకున్నాడు. అంతవరకూ గడగడా వచ్చిన మాట అక్కడ తడబడింది. "కయాక్ కోసం."

బాబా చేతిలో ఉల్లిపాయ ఆగింది.

"ఆ పసుపుపచ్చ పడవా? దానికేమైంది?"

దానికేమీ కాలేదు. అక్కడే ఉంది చిక్కు.

ఆ పడవ కొన్నప్పుడు వంశధర్ ఎంత సంతోషపడ్డాడో బాబాకీ తెలుసు. బీచిలో ఒక రిసార్టు మూతపడితే, ఎండకి రంగు వెలిసిన ప్లాస్టిక్ కయాక్ ఒకటి చవగ్గా ఇచ్చేశారు. ఒక తెడ్డు, ఒక గాలం కర్ర. ఆదివారం తెల్లారకముందే గోస్తనీ ఏరు సముద్రంలో కలిసే చోటికి వెళ్లి, నీళ్ల మీద ఒక్కడే కూర్చునేవాడు. ఎప్పుడైనా పండుగప్ప పడేది. ఎక్కువసార్లు ఏదీ పడేది కాదు. ఇంటికి వచ్చేటప్పటికి మనిషి తేటగా ఉండేవాడు. భార్య హేమ, "చేప లేకపోయినా పరవాలేదు, ఈ మొహం తెచ్చావు చాలు" అనేది.

తర్వాత అక్కడికే ఇంకో నలుగురు రావడం మొదలుపెట్టారు. బిల్డరు శశాంక్ వర్మ, అతని స్నేహితులు. మంచివాళ్లే. ఫ్లాస్కులో టీ తెచ్చేవారు, పాటలు పాడేవారు, "డాక్టర్ గారూ, మీరు మాతోపాటే రండి" అని పిలిచేవారు. వాళ్లవి కాళ్లతో తొక్కే కయాక్‌లు. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి పోతూనే గాలం వేస్తారు. రాళ్లు దాటి, లోతు నీళ్లలో కోనాం చేపలు తిరిగే చోటుదాకా పోతారు. వంశధర్ తెడ్డు వేసుకుంటూ వెళ్లి చేరేసరికి వాళ్లు వెనక్కి తిరిగేవారు. మొదట్లో అతని కోసం ఆగేవారు. తర్వాత తర్వాత చెయ్యి ఊపి ముందుకెళ్లిపోయేవారు.

తెడ్డు తేలికదైతే సరిపోతుందనుకుని తేలికది కొన్నాడు. సరిపోలేదు. గాలం కర్ర మార్చాడు. ఆ కర్రకి దారం చుట్టే పాత చక్రం నప్పదన్నారు, అదీ మార్చాడు. ఎరగా గాలానికి కట్టే ప్లాస్టిక్ చేప ఒకటి ఉంటుంది, వేలెడంత. ఇంట్లో వారం రోజుల కూరల ఖర్చు దానికే అవుతుంది. ఒకసారి అది రాళ్లలో చిక్కుకుని తెగిపోయింది. ఎరతో పాటు మంచి పారచేప కూడా పోయింది. ఆ రోజంతా వంశధర్ పోయిన చేప కోసం కాదు, పోయిన ఎర కోసం బాధపడ్డాడు. అది తలుచుకుని అతనికే నవ్వొచ్చింది. కానీ మర్నాడు అలాంటివే రెండు కొన్నాడు.

ధరలు చూస్తే గుండె గుభేలుమనేది. తొక్కే కయాక్ ధర నిరుడు అడిగినప్పుడే కళ్లు తిరిగాయి. ఈ ఏడు అడిగితే ఇంకో సగం పెరిగింది. డాలరన్నారు, ఓడ కిరాయన్నారు, సుంకమన్నారు. షాపు కుర్రాడు ఆ అంకెని వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. పైగా ఆ కయాక్ బరువుకి వంశధర్ కారు తట్టుకోదు, పెద్ద బండి ఉండాలి. పడవ ఆపుకునే చోట కూడా కొత్తగా రుసుము పెట్టారు. నీళ్ల కింద చేపలెక్కడున్నాయో చూపించే యంత్రం, ఫిష్ ఫైండర్, అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా గుడ్డివాడి కింద లెక్కట. ఈ ఖర్చుల కోసం శనివారాలు సిటీలో అదనంగా కేసులు చూశాడు. అలసిపోయి కొన్ని ఆదివారాలు మంచం దిగలేకపోయాడు.

ఇదంతా బాబాకి చెప్పేసరికి పొయ్యి మీద నీళ్లు మరిగాయి.

"ప్రశాంతంగా ఉండేది అదొక్కటే బాబా నాకు," అన్నాడు. "మీరే అన్నారు, నీళ్ల మీద కాసేపు కూర్చోమని. ఇప్పుడు ఆ కాసేపు కూర్చోవడానికే నా జీతం చాలడం లేదు."

బాబా ఆలోచించారు. కోప్పడతారేమోనని వంశధర్ భయపడ్డాడు. ఆయన మొహంలో కోపం లేదు.

"ఆ చేపలు చూపించే పెట్టె ఉందన్నావే. నిజంగా కనిపిస్తాయా?"

"కనిపిస్తాయి బాబా. ఎంత లోతు, ఎన్ని చేపలు, ఎంతెంతవి, అన్నీ. టీవీలాగా."

"చేపల టీవీ." బాబా ఆశ్చర్యంగా నవ్వారు. "ఎక్కడ అమ్ముతారు?"

చెప్పాడు. ధర కూడా చెప్పాడు. బాబా ఆ ధరని ఒకసారి మెల్లగా తనలో తాను అనుకున్నారు.

"మరి ఆసుపత్రిలో?"

"ఇంకెవరినో చూసుకుంటారు బాబా. సిస్టర్‌తో చెప్పేశాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఏ రోజు వరకు ఉంటారని మాత్రం అడిగింది."

బాబా తలూపి, ఒలిచిన ఉల్లిపాయలు తీసుకుని లేచారు. "సరే బేటా. లే, జనం వచ్చేశారు."

ఆ రోజు వంశధర్ ఎప్పటికన్నా హుషారుగా వడ్డించాడు. పెద్దాయన అడ్డు చెప్పలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టే ఉంది. శశాంక్‌కి ఫోను చేసి, పై నెలలో నేనూ మీతో రాళ్లు దాటుతానన్నాడు.

మరుసటి గురువారం కారు దిగి తలెత్తి చూస్తే, దిబ్బ మీద పొగ లేదు.

వాన పడ్డా, గాలి వీచినా, గురువారం ఆ వేళకి అక్కడ పొగ లేకపోవడం అతను చూడలేదు. బాబాకి ఏదో అయిందనుకున్నాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

పైన జనం గోడ వారగా కూర్చుని ఉన్నారు. ఎవరి పళ్లెం వాళ్ల ఒళ్లో ఉంది. ఒక ముసలాయన, చేతిలో సత్తు కేరేజీతో, వంశధర్‌ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాల ఆలీసెమా బాబూ? పొయ్యి ఎలగనేదు."

వంశధర్ పొయ్యి వైపు చూశాడు. మూడు రాళ్లూ ఉన్నాయి. వాటి మీద గుండిగ లేదు. దాని కిందుండే మసి గుండ్రంగా నేల మీద ఉంది.

వంట చేసే బీబమ్మ వసారా స్తంభానికి ఆనుకుని, అటు తిరిగి కూర్చుంది.

"బీబమ్మా, గుండిగేది? బాబా ఎలా ఉన్నారు?"

"నన్నడక్కు." ఆమె ఇటు తిరగలేదు. "లోపలున్నారు. ఆయన్నే అడుగు."

వంశధర్ గుమ్మంలోకి వెళ్లి నిలబడిపోయాడు.

బాబా చాప మీద కూర్చుని ఉన్నారు. తెల్ల కమీజు మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు వేసుకున్నారు. దాని బెల్టులు ఒకదానిది ఇంకోదానికి పెట్టి, అడ్డదిడ్డంగా బిగించుకున్నారు. నెరిసిన గెడ్డం దాని మెడలో ఇరుక్కుంది. చుట్టూ అట్టపెట్టెలు, తెల్లటి థర్మోకోలు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు. ఒళ్లో నల్లటి యంత్రం. వంశధర్ ఎన్నాళ్లుగానో షాపు అద్దం లోంచి చూస్తున్న ఫిష్ ఫైండరే. దాని అద్దం మీది పల్చటి కాగితం ఇంకా తీయలేదు.

"రా డాక్టరూ, రా," అన్నారు బాబా ఆత్రంగా. "నీ కోసమే చూస్తున్నాను. ఈ తీగ దేనికి పెట్టాలి?"

వంశధర్ వెనక్కి తిరిగి ఖాళీ పొయ్యి రాళ్లని మళ్లీ చూశాడు.

"షాపతను చెప్పాడు గానీ నాకు గుర్తులేదు. ఎర్రది ఇటా, నల్లది ఇటా?"

"బాబా, గుండిగ..."

"ఇచ్చేశాను. పాతసామాను కొట్టులో." బాబా తీగ చివర కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. "రాగికి ఇప్పుడు మంచి ధర ఉందట. దీనికీ, ఈ జాకెట్టుకీ సరిపోయింది."

వంశధర్‌కి తన చెవులు తప్పు విన్నాయేమోననిపించింది. బయటికి చూశాడు. బయట వాళ్లంతా అలాగే కూర్చున్నారు. వెళ్లిపొమ్మని ఎవరూ చెప్పలేదు. ఉండమనీ ఎవరూ చెప్పలేదు. గురువారం ఇక్కడ కూడు ఉండదన్నది వాళ్లకి తట్టని సంగతి, అందుకని కూర్చున్నారు. ఒక తల్లి ఖాళీ పళ్లెం మీద వేలితో దరువేస్తూ బిడ్డని ఏడవకుండా చూస్తోంది.

"అమ్మేశారా? గుండిగని?"

"అమ్మకపోతే ఇది ఎలా వస్తుంది?"

"మీకు ఇదెందుకు బాబా?"

"చేపలు చూద్దామని. నువ్వు చెబుతుంటే నాకూ మనసైంది." బాబా యంత్రాన్ని రెండు చేతులతో ఎత్తి అతని ముందు పెట్టారు. "కాస్త వెలిగించి పెట్టు."

అప్పుడు వంశధర్ అరిచాడు.

ఆయన ముందు ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఆపరేషన్ గదిలో కూడా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ అరుపుకి బయట చంటిది ఉలిక్కిపడి ఏడుపందుకుంది. బీబమ్మ లేచి గుమ్మంలోకి వచ్చింది.

"మతిపోయిందా మీకు? ఊళ్లన్నీ కలిసి ఇచ్చిన గుండిగ అది! అమ్మడానికి అది మీదా? వాళ్లని చూశారా బయట? మైళ్ల దూరం నుంచి నడిచొచ్చారు. మీరున్నారన్న ఒక్క నమ్మకంతో వచ్చారు. ఇంకెక్కడికి పోతారు వాళ్లు? ఒక ఆటబొమ్మ కోసం, మీ సరదా కోసం, ఇంతమందిని గాలికి వదిలేసి..."

మాట అక్కడే ఆగిపోయింది.

బయట చంటిదాని ఏడుపొక్కటే వినిపిస్తోంది.

బాబా మొహం ఎత్తలేదు. జాకెట్టు బెల్టు ఊడదీసి, మళ్లీ సరిగ్గా పెట్టడానికి ప్రయత్నిస్తున్నారు.

"ఆగిపోయావేం?" అన్నారు మెల్లగా. "చెప్పు."

వంశధర్ థర్మోకోలు ముక్కల మధ్య అలాగే కూలబడ్డాడు. ఏళ్ల తర్వాత అతని కుడిచెయ్యి వణికింది. దాన్ని ఎడంచేత్తో పట్టుకున్నాడు.

ఎంతసేపలా ఉన్నాడో, బీబమ్మ గొంతుకి తలెత్తాడు.

"మీ గొడవేంటో మీరు తర్వాత చూసుకోండి. బియ్యం ఉంది, పప్పు ఉంది, వండటానికి గిన్నె లేదు. మీరిలా కూర్చుంటే వాళ్ల కడుపులు నిండుతాయా?"

వంశధర్ లేచాడు. దిబ్బ దిగి, కింద వూళ్లో గుమ్మం గుమ్మం ఎక్కాడు. ఎవరి ఇంట్లో పెద్ద గిన్నె ఉంటే అది అడిగాడు. కొందరు ఎందుకని అడిగారు. చెప్పలేక, "గురువారం కదా" అన్నాడు. పెళ్లిళ్లకి వాడే డేగిసా ఒకటి దొరికింది. మిగిలినవి చిన్నవి. నెత్తి మీద ఒకటి, రెండు చేతుల్లో రెండూ పెట్టుకుని మెట్లెక్కాడు. మళ్లీ దిగాడు. మళ్లీ ఎక్కాడు. చొక్కా నిండా మసి. బీబమ్మ వండుతుంటే కట్టెలు ఎగదోశాడు. ఒక వాయి దిగేసరికి ఇంకో వాయి ఎసరు పెట్టాలి. ఒక వరుస తింటుంటే వెనక వరుస చూస్తూ కూర్చుంది. బాబా జాకెట్టు విప్పేసి వచ్చి నీళ్లు పోశారు.

అందరి తిళ్లూ అయ్యేసరికి పొద్దు వాలింది. కేరేజీ పట్టుకున్న ముసలాయన కోసం వంశధర్ వెతికాడు.

"ఆ తాత ఉత్త కేరేజీతోనే ఎప్పుడో ఎల్లిపోనాడు బాబూ," అంది ఒకామె. "ముసల్ది ఇంటికాడ మంచంలో ఉన్నాది. దానికోసమే ఒట్టుకెల్తాడు. అక్కడ ఆకలికి ఆగలేదని ఎల్లిపోనాడు."

ఏ వూరో ఆమెకి తెలియదు. ఎవరికీ తెలియదు.

వంశధర్ తిన్నగా పాతసామాను కొట్టుకి వెళ్లాడు. ఎంతడిగినా ఇచ్చి గుండిగని వెనక్కి తెచ్చేయాలి. దారంతా అదే అనుకున్నాడు. రేపటికల్లా అది రాళ్ల మీద ఉండాలి.

కొట్టు యజమాని దర్గా పేరెత్తగానే గుర్తుపట్టాడు.

"రాగి గుండిగా? పెద్దదే బాబూ, మంచి సరుకు. అది అలాగే ఉంటే లారీలో చోటు చాలదు కదా. మొన్ననే కొట్టించేశాం."

వెనకవైపు పెరట్లో చూపించాడు. సమ్మెట దెబ్బలకి ముక్కలు ముక్కలైన రాగి, పాత పంకాల పక్కన గుట్టగా పడుంది. ఒక్కో ముక్కకి ఒక వైపు ఏళ్ల నాటి పొగ నలుపు, రెండో వైపు కళాయి తెలుపు. వంశధర్ వంగి ఒక ముక్క తీశాడు. అంచు పదునుగా ఉంది. దాన్ని మళ్లీ గుట్ట మీద మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

బాబా ఊరికే దాచి ఉంటారనీ, ఎవరింట్లోనో పెట్టించి తనకి పాఠం చెబుతున్నారనీ మధ్యాహ్నం నుంచి అతని మనసులో ఒక మూల ఆశ ఉంది. అది ఆ పెరట్లో పోయింది.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్లాడు. సిస్టర్ ఆగ్నెస్ వార్డులోంచి వస్తూ అతని చొక్కా మీది మసి చూసి ఆగింది.

"సిస్టర్, నేను వెళ్లడం లేదు. ఇక్కడే ఉంటాను."

ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె కళ్లజోడు తీసి, పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

"నిన్న చెప్పి ఉంటే బాగుండేది డాక్టర్. పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. పై నెలలో నెలలు నిండుతాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. అప్పటికి ఇక్కడ మత్తిచ్చేవాళ్లు ఉండరమ్మా, సిటీకి వెళ్లిపో అని చెప్పాను. సిటీలో ఎవరూ తెలియదని ఏడ్చింది. ఏడుస్తూనే ఇంటికి బస్సెక్కింది."

"ఏ వూరు సిస్టర్?"

"జీడితోటల అవతల. ఇంటికి కబురు పంపిద్దాం."

"కబురొద్దు," అన్నాడు వంశధర్. "నేనే వెళ్తాను."

ఆ అమ్మాయి ఇల్లు దొరికింది. గుమ్మంలో బట్టల మూట కట్టి ఉంది. తెల్లారితే బయల్దేరడానికి అత్తగారు చీరలు సర్దుతోంది. "ఎక్కడికీ వెళ్లొద్దమ్మా, నేనుంటాను" అని డాక్టరు చెబితే, ఆ పిల్ల నమ్మలేనట్టు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చెప్పాడు. అత్తగారు మూట విప్పి, చీరలు మళ్లీ దండెం మీద వేసేదాకా అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే దిబ్బ ఎక్కేసరికి బాబా ముంగిలి ఊడుస్తున్నారు. అరువు గిన్నెలన్నీ బీబమ్మ తోమి బోర్లించింది. ఫిష్ ఫైండర్ మళ్లీ దాని పెట్టెలో ఉంది.

వంశధర్ చీపురు అందుకోబోయాడు. బాబా ఇవ్వలేదు.

"దాన్ని కొట్టేశారు బాబా. ముక్కలు చేసేశారు."

"తెలుసు. నేను చూస్తుండగానే మొదటి దెబ్బ వేశారు."

వంశధర్ ఆయన వైపు చూశాడు. బాబా కళ్ల కింద ఉబ్బి ఉంది. పెద్దాయన రాత్రి నిద్రపోలేదని అప్పుడు గమనించాడు.

"శశాంక్ ఈ యంత్రం తీసుకుంటానన్నాడు. వచ్చే గురువారానికి వేరే గుండిగ తెస్తాను. ఇత్తడిదైనా సరే, ఏదైనా సరే."

"తే."

"సిటీకి వెళ్లడం లేదు బాబా."

బాబా తలూపారు. ఊడ్చిన ఆకుల్ని ఒక పక్కకి చేర్చారు. కింద సముద్రం మీద తెప్పలు వెనక్కి వస్తున్నాయి. కాసేపు ఇద్దరూ వాటిని చూశారు.

వంశధర్‌కి ఇంకో మాట అడగాలని ఉంది. రాత్రంతా అదే తొలిచింది. గుండిగ మళ్లీ రాదు. ఆ కేరేజీ ముసలాయన భార్య నిన్న ఏం తిన్నదో తెలియదు. బాబా ఇంత చేశాక కూడా, తను నిన్న ఆ గుమ్మంలో మాట మధ్యలో ఆగకుండా ఉండి ఉంటే? కోపంతో దిబ్బ దిగిపోయి, మళ్లీ ఎక్కకపోయి ఉంటే?

"బాబా," అన్నాడు. "నిన్న నాకు అర్థం కాకపోయి ఉంటే ఏం చేసేవారు?"

బాబా చీపురు గోడకి ఆనించారు. వసారా మెట్టు మీద కూర్చుని, అతన్ని కూడా పక్కన కూర్చోమన్నట్టు చేత్తో తట్టారు.

"గుండిగా, నువ్వూ, రెండూ పోయాయనుకునేవాణ్ణి," అన్నారు.